ఏడు రోజుల లెక్క

అనగనగా ఒక మెట్ట ఊరు. వానను నమ్ముకున్న నేల, జొన్నను నమ్ముకున్న జనం. ప్రతి ఇంట్లోనూ నడవలో ఒక గుమ్మి ఉండేది. వెదురు బద్దలతో అల్లి, లోపలా బయటా పేడా మట్టీ కలిపి మెత్తి, ఎండాక జొన్నలు పోసేవారు. పైన గడ్డి కప్పి మళ్లీ మెత్తేవారు. ఏడాది పొడవునా ఇంటిల్లిపాది తిండి అందులోంచే వచ్చేది.

తిండిగింజలు అందరిళ్లలో ఉండేవి గానీ విత్తనాలు అందరి దగ్గరా ఉండేవి కావు. కోతలయ్యాక ఊరంతా కలిసి బలమైన కంకులు ఏరి, విడిగా నూర్చి, ఆ ఏడాది ఎవరెవరికి వంతు వస్తే వాళ్ల ఇళ్లలో దాచేవారు. దాచడం ఆడవాళ్ల పని. విత్తనంలో బూడిద కలిపి కుండలో పోసి, మూతికి పలుచని గుడ్డ కట్టి, ఆ కుండను గుమ్మి నడుమ జొన్నల్లో మెడ దాకా పూడ్చేవారు. అలా ఉంటే ఎండ వేడి తగలదు, గుడ్డలోంచి గాలి ఆడుతుంది. ఏరువాక వచ్చేదాకా ఆ కుండను కదపకూడదు, మూత విప్పకూడదు. పరాయివాళ్లు దాని దగ్గరికి పోకూడదు. విత్తనం నిద్ర చెడితే మొలక చెడుతుందని ఆ ఊరి కట్టుబాటు.

గింజలకు పురుగు పడితే చూడడానికి ఊరు రాజయ్యను పెట్టుకుంది. పనిమంతుడు, నిజాయితీపరుడు. అతని తాత కూడా ఆ పనే చేశాడు. ఎన్నో ఇళ్లు తిరిగి, ఎన్నో గుమ్ములు చూసి ఆయన ఒక లెక్క కట్టి పెట్టాడు. ముక్కపురుగు పడిన ఇంట్లో గింజలు తోడి మూడు రోజులు ఎండబెట్టాలి, వేపాకు కలపాలి, గుమ్మిని కొత్తగా మెత్తాలి. ఏడో రోజుకు పురుగు పోతుంది. ఆ తర్వాత చూడక్కర్లేదు. తాత చెప్పినట్టే జరుగుతూ వచ్చింది కాబట్టి ఎనిమిదో రోజున చేట పట్టిన వాళ్లు ఆ ఊళ్లో లేరు.

ఆ లెక్క కట్టేటప్పుడు తాత తిండిగింజల ఇళ్లకే వెళ్లాడు. విత్తనాల కుండ ఉన్న ఇంట్లోకి పరాయి మగవాడు పోకూడదు గనుక ఆయనా పోలేదు. ఆ సంగతి అప్పట్లో అందరికీ తెలుసు. రాజయ్య కాలానికి లెక్క మిగిలింది, అది ఎక్కడ కట్టిన లెక్కో మరుగున పడింది.

ఒక ఏడాది సంత నుంచి వచ్చిన ఒక బస్తాతో ఊళ్లోకి ముక్కపురుగు వచ్చింది. చూస్తుండగానే ఇల్లిల్లూ పాకింది. రాజయ్య చేట పట్టుకుని గడప గడపకూ తిరిగాడు. గుప్పెడు జొన్నలు తీసి, చేటలో పరిచి, ఎండలో పెట్టి, కదిలే మచ్చ ఉందా అని కళ్లు చికిలించి చూసేవాడు. మొదటి రోజు పదులకొద్దీ కదిలేవి, నాలుగో రోజుకు ఒకటో రెండో. ఏడో రోజుకు చేట నిశ్చలంగా ఉండేది. గడప మీద సున్నంతో ఒక గీత గీసి వెళ్లిపోయేవాడు. ఆ గీత ఉంటే ఇల్లు శుభ్రమని అర్థం.

లచ్చవ్వ ఇంట్లో ఆ ఏడాది విత్తనాల వంతు. ఆమె గుమ్మిలో పడిన పురుగు నలుగురితో పోలిస్తే చాలా తక్కువ. ఇంత కొంచానికి భయమెందుకని పక్కింటివాళ్లు అన్నారు కూడా. కుండను కదపకుండా చుట్టూ ఉన్న జొన్నలు తోడి ఎండబోసింది, వేపాకు కలిపింది, మళ్లీ పోసింది. మొదట్లో రెండుసార్లు గడప బయటే చేట పట్టి చూసిన రాజయ్య ఏడో రోజున అటు రాకుండానే, లెక్క ప్రకారం గడప మీద గీత గీయించాడు.

పద్నాలుగో రోజు పొద్దున రొట్టెలకు జొన్నలు తీస్తుంటే లచ్చవ్వ చేతి మీద ఒక పురుగు పాకింది. మర్నాడు మూడు కనిపించాయి. ఆమె రాజయ్య దగ్గరికి వెళ్లింది.

"అన్నా, మా గుమ్మిల ఇంకా పురుగున్నది."

"నీకు పురుగువడి ఎన్ని దినాలాయె చెల్లె?"

"పదిహేను."

"అట్లయితే పోయినట్టే. ఏడు దినాలు దాటినంక ఉండది."

"ఉన్నదన్నా. నా కండ్లతోటి చూసిన. ఒక్కసారి వచ్చి చేట పట్టు."

"ఏడు దాటినంక చేట పట్టుడు ఎక్కడన్న ఉన్నదా? నువ్వు బుగులు వెట్టుకున్నవ్. విత్తనాల వంతు గదా, మనసు అట్లనే ఉంటది. ఇంటికి పో."

రాజయ్య ఆమెను కసరలేదు. మెత్తగానే చెప్పాడు. అయితే చూడడానికి మాత్రం రాలేదు. అతను చూడలేదు కాబట్టి పురుగు లేదనే ఊరు నమ్మింది. ఉందని ఆమె గట్టిగా చెప్పినకొద్దీ మాటలు పెరిగాయి. బయటి నుంచి కొత్తగా తెచ్చుకుని ఉంటుందని ఒకరన్నారు. ఇల్లు ఊడ్చే తీరు బాగాలేదని మరొకరు. "ఎవ్వలతోటి అనకు, విత్తనాల వంతు మన ఇంటికెల్లి తీసేస్తరు" అని భర్త భయపడ్డాడు. ఆమె మళ్లీ జొన్నలు తోడి ఎండబోసింది. రెండు రోజులు ఏమీ కనిపించలేదు, మూడో రోజు మళ్లీ కనిపించింది.

అప్పటి నుంచి లచ్చవ్వ వాదించడం మానేసి ఒక పని మొదలుపెట్టింది. రోజూ పొద్దున్నే గుప్పెడు గింజలు చేటలో పోసి చూసేది. పురుగు కనిపిస్తే గోడ మీద బొగ్గుతో నిలువు గీత, కనిపించకపోతే అడ్డగీత. గోడ నిండుతూ వచ్చింది.

బావి దగ్గర నీళ్లు తోడుకుంటుంటే ఒకనాడు మల్లవ్వ కలిసింది. ఆమె ఇంట్లోనూ విత్తనాల వంతే. "మా గుమ్మిల గూడ పోతలేదు వదినా. ఎవ్వలకు చెప్తె ఏమంటరో అని ఊకున్న" అంది. ఇద్దరూ కలిసి అడుగుతూ వెళ్తే అలాంటివి అయిదిళ్లు తేలాయి. ఆ ఏడాది విత్తనాలు దాచింది ఆ అయిదిళ్లే. తిండిగింజలు మాత్రమే ఉన్న ఏ ఇంట్లోనూ పురుగు మిగల్లేదు.

అయిదుగురూ కలిసి వెళ్లేసరికి రాజయ్యకు కాదనడానికి మాట దొరకలేదు. నలభయ్యో రోజున అతను లచ్చవ్వ గడప దాటి లోపలికి వచ్చాడు. చేట పట్టాడు. నాలుగు పురుగులు నడిచాయి. గోడ మీది గీతలు చివరి నుంచి మొదటికి చదివాడు. గుమ్మి దగ్గరికి వెళ్లి, జొన్నల పైకి తేలి ఉన్న కుండ మూతికి చెవి ఆనించి చాలాసేపు కదలకుండా ఉన్నాడు. లోపల సన్నగా కొరుకుడు చప్పుడు వినిపించింది.

ఊరి పెద్దలను పిలిచి, వాళ్ల ఎదుటే గుడ్డ విప్పించాడు. గుడ్డకు సూది మొనంత కంత ఉంది. కుండలో విత్తనం పైకి నిండుగానే కనిపించింది. బొటనవేలి కింద నొక్కితే కొన్ని గింజలు పిండిగా రాలాయి. కుండను గుమ్మిలోంచి తీసి అవతల పెట్టారు. ఆ వారం లచ్చవ్వ ఎండబోయలేదు, వేపాకు కలపలేదు. అయినా గుమ్మిలో పురుగు ఆగిపోయింది. ఎవరూ ఎవరికీ వివరించాల్సిన పని లేకపోయింది. మొదటి వారంలోనే గుడ్డను తొలిచి లోపలికి పోయిన పురుగు, ఎండా వేపాకూ తగలని చోట పెరిగి, మళ్లీ బయటి గింజల్లోకి వస్తూ ఉండింది.

మిగిలిన విత్తనాన్ని తడిగుడ్డలో కట్టి చూశారు. లచ్చవ్వ కుండలోవి కొన్ని మొలిచాయి, కొన్ని మొలవలేదు, కొన్ని మొలిచీ వంగిపోయాయి. మల్లవ్వ ఇంట్లో పురుగు అంతకాలమూ ఉంది గానీ ఆమె విత్తనం దాదాపు అంతా బాగానే మొలిచింది. ఎందుకలా అంటే రాజయ్య చెప్పలేకపోయాడు.

"తప్పెవరిది?" అని పటేలు అడిగాడు.

"మా తాత లెక్క తిండిగింజల ఇంటికి సరైన లెక్కనే. విత్తనాల ఇంటికి దాన్ని తెచ్చి పెట్టింది నేను. లచ్చవ్వ పిలిచిన దినమే పోతె ఇంకింత విత్తనం దక్కుతుండె" అన్నాడు రాజయ్య.

ఆ రోజు నుంచి ఆ ఊళ్లో విత్తనాల ఇంటికి వేరే లెక్క వచ్చింది. ఏరువాక వచ్చేదాకా చేట పడుతూనే ఉండాలి. విత్తనం దాచే ఆడమనిషి పురుగుందని కబురు పెడితే ఆ పూటే వెళ్లి చూడాలి. విత్తనం చాలక ఆ ఏడాది ఊరి పొలాల్లో కొంత బీడు పడింది. మరుసటి ఏడాది పడలేదు.

నీతి

ఈ కథలో ముక్కపురుగు జికా వైరస్. విత్తనాల ఇల్లు ఆ వైరస్ సోకిన గర్భిణి. మామూలు మనిషి ఒంటి మీద కట్టిన లెక్కను కడుపుతో ఉన్న మనిషికి అలాగే వర్తింపజేసి, ఇక చూడక్కర్లేదని తలుపు మూయకూడదన్నది దీని నీతి. వైద్యం ఈ నీతిని నేర్చుకుని ఎంతో కాలం కాలేదు. దానికి తల్లులు చెల్లించిన మూల్యం పెద్దది.

1947లో ఉగాండాలోని ఎంటెబ్బే దగ్గర జికా అనే అడవిలో, పరిశోధన కోసం ఉంచిన ఒక రీసస్ కోతికి జ్వరం వచ్చినప్పుడు ఈ వైరస్ తొలిసారి బయటపడింది. ఆ కోతి నంబరు 766. డెంగీ వైరస్‌కు ఇది చుట్టం. రెండింటినీ మోసేది ఏడిస్ దోమే. దాదాపు అరవై ఏళ్ల పాటు ఎవరూ దీన్ని పెద్దగా పట్టించుకోలేదు. సోకిన అయిదుగురిలో నలుగురికి ఏ లక్షణమూ ఉండదు. ఉన్నవాళ్లకు కొద్దిపాటి జ్వరం, ఒంటి మీద దద్దు, ఎర్రబడిన కళ్లు, కీళ్ల నొప్పులు వస్తాయి. వారం తిరిగేసరికి తగ్గిపోతాయి. రక్తంలో వైరస్ కూడా మామూలుగా ఆ వారం లోపే కనిపించకుండా పోతుంది. అందుకే జికా జన్యు పదార్థాన్ని వెతికే ఆర్‌టీ-పీసీఆర్ రక్తపరీక్ష లక్షణాలు మొదలైన ఏడు రోజుల లోపే చేయాలని, ఆ తర్వాత యాంటీబాడీలు చూడాలని మొదట్లో నియమం ఉండేది. రాజయ్య తాత లెక్కకూ దీనికీ తేడా లేదు.

2007లో పసిఫిక్‌లోని యాప్ దీవిలో, 2013లో ఫ్రెంచ్ పాలినేషియాలో జికా విరివిగా వ్యాపించింది. 2015లో బ్రెజిల్ ఈశాన్య ప్రాంతాన్ని ముంచెత్తింది. తల చిన్నగా ఉన్న శిశువులు వరసగా పుట్టడం రెసీఫె నగరంలోని పిల్లల నరాల వైద్యురాలు వనెస్సా వాన్ డెర్ లిండెన్ గమనించారు. పరాయీబా రాష్ట్రంలో ఆడ్రియానా మెలో అనే వైద్యురాలు ఇద్దరు గర్భిణుల ఉమ్మనీరు పరీక్షకు పంపితే అందులో జికా వైరస్ దొరికింది. ఆ నవంబరులో బ్రెజిల్ అత్యవసర పరిస్థితి ప్రకటించింది. 2016 ఫిబ్రవరి 1న ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రపంచమంతటికీ ప్రకటించింది. ఈ ఇద్దరు వైద్యురాళ్ల పేర్లు మన పాఠ్యపుస్తకాల్లో ఉండాలని నాకనిపిస్తుంది. తమ ముందు ఉన్న తల్లుల్ని శ్రద్ధగా చూసి, చూసిన దాన్ని నమ్మినందుకే వాళ్లు ప్రపంచానికి హెచ్చరిక చేయగలిగారు.

ఏడు రోజుల లెక్క తప్పిన సంగతి 2016 మార్చి నెలాఖరులో అచ్చయింది. వాషింగ్టన్‌లో ఉంటున్న ఒక ఫిన్లాండ్ మహిళ గర్భం మూడో నెలలో మధ్య అమెరికా దేశాలకు వెళ్లొచ్చి జ్వరపడింది. రీటా డ్రిగ్గర్స్ తదితర వైద్యులు ఆమెను పరిశీలించారు. జ్వరం వచ్చిన నాలుగు వారాలకూ, మళ్లీ పది వారాలకూ ఆమె రక్తంలో జికా జన్యు పదార్థం కనిపించింది. వారంలో పోవాల్సినది రెండు నెలలు దాటినా పోలేదు. 13, 16, 17 వారాల్లో తీసిన స్కానింగుల్లో బిడ్డ తలకు ఏ లోపమూ కనిపించలేదు. 19వ వారంలో తీసిన దాంట్లో మెదడు దెబ్బతిన్నట్టు తెలిసింది. 21వ వారంలో ఆ గర్భం ముగిసింది. ఆ తర్వాత తల్లి రక్తంలో వైరస్ కనిపించలేదు. బిడ్డ మెదడు నుంచి మాత్రం హెల్సింకీ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు బతికి ఉన్న వైరస్‌ను వేరుచేయగలిగారు.

కథలో కుండ తీయగానే గుమ్మి శుభ్రపడడం ఈ సంఘటన నుంచి వచ్చిందే. అయితే కథకూ జీవితానికీ ఉన్న తేడా ఇక్కడ మరవకూడదు. ఆడమనిషి గుమ్మి కాదు, కడుపులోని బిడ్డ తీసి అవతల పెట్టే కుండ కాదు. గర్భం తీసేయడం జికాకు చికిత్స అని ఎవరూ అనుకోకూడదు. వైరస్ ఎక్కడ నిలవ ఉందో చూపించే సూచనగా మాత్రమే వైద్యులు ఆ సంఘటనను తీసుకున్నారు. ఆ తల్లి దుఃఖం ఆ పరిశోధన పత్రంలో ఎక్కడా రాసి లేదు, కానీ ప్రతి వాక్యం వెనకా ఉంది.

ఆ ఏడాదే అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రాలకు చెందిన డానా మీనీ-డెల్మన్ బృందం అలాంటి అయిదుగురు గర్భిణుల వివరాలు ఒకచోట చేర్చింది. కథలో అయిదిళ్లు అందుకే. లక్షణాలున్న నలుగురిలో ఒకరికి 46 రోజుల దాకా రక్తంలో వైరస్ జాడ దొరికింది. ఏ లక్షణమూ లేని అయిదో ఆమెకు ప్రయాణం నుంచి వచ్చిన 53 రోజులకు కూడా దొరికింది. అయిదుగురు అనేది చిన్న సంఖ్యే. అయినా పాత నియమాన్ని మార్చడానికి ఆ అయిదుగురి రక్తం తోడ్పడింది. 2016 జులైలో ఆ కేంద్రాలు గర్భిణులకు పీసీఆర్ పరీక్ష గడువును వారం నుంచి రెండు వారాలకు పెంచాయి. లక్షణాలు లేకపోయినా వైరస్ ఉన్న ప్రాంతంలో తిరిగిన గర్భిణికి పరీక్ష చేయమన్నారు. యాంటీబాడీ పరీక్షలో అనుమానం వస్తే ఎన్ని రోజులైందని చూడకుండా మళ్లీ పీసీఆర్ చేయమన్నారు. డెంగీ యాంటీబాడీకీ జికా యాంటీబాడీకీ తేడా పట్టడం కష్టం కాబట్టి, ఏటా డెంగీ వచ్చే మన ప్రాంతాల్లో ఈ చివరి మాటకు ఎక్కువ విలువ ఉంది.

లచ్చవ్వను ఊరు అన్న మాట ఒకటుంది కదా, బయటి నుంచి మళ్లీ తెచ్చుకుని ఉంటుందని. ఈ తల్లుల విషయంలోనూ ఆ అనుమానం రావచ్చు. మళ్లీ దోమ కుట్టిందేమో? విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో భారతదేశపు జాతి రీసస్ కోతుల మీద జరిగిన పరిశోధన దానికి కొంత జవాబు ఇచ్చింది. ఆ కోతులకు దోమలు తగలని గదుల్లో వైరస్ ఎక్కించారు. గర్భం లేని వాటి రక్తంలోంచి మూడు వారాల్లోపే వైరస్ పోయింది. గర్భంతో ఉన్న వాటిలో యాభై రోజులు దాటి ఉంది. కోలుకున్న కోతులకు పది వారాల తర్వాత అదే వైరస్ మళ్లీ ఎక్కిస్తే అది నిలవలేదు. కాబట్టి గర్భిణిలో అంతకాలం కనిపించేది కొత్తగా వచ్చింది కాదు, పాతదే లోపల ఉండిపోయింది అనుకోవడానికి గట్టి ఆధారం దొరికింది.

ఎందుకు ఉండిపోతుందన్న దానికి శాస్త్రజ్ఞులు ప్రధానంగా రెండు దారులు చూస్తున్నారు. మాయలో హాఫ్‌బావర్ కణాలని ఉంటాయి. అవి రోగనిరోధక కణాలే అయినా జికా వాటిలో చేరి, వాటిని చంపకుండా పెరగగలదని ప్రయోగశాలల్లో చూశారు. అక్కడి నుంచి బిడ్డకూ, బిడ్డా మాయల నుంచి తిరిగి తల్లి రక్తంలోకీ వైరస్ వస్తూ ఉండవచ్చన్నది ఒక దారి. బిడ్డను పరాయిదనుకుని దాడి చేయకుండా గర్భకాలంలో తల్లి రోగనిరోధక శక్తి తన తీరు కొంత మార్చుకుంటుంది, ఆ సడలింపులో వైరస్‌కు చోటు దొరుకుతుందన్నది రెండోది. రెండూ కలిసి పనిచేస్తూ ఉండవచ్చు.

ఇక్కడ భయాన్ని పెంచడం నా ఉద్దేశం కాదు. పీసీఆర్ పట్టేది వైరస్ జన్యు పదార్థాన్ని. అది దొరికిన ప్రతిసారీ లోపల బతికున్న వైరస్ ఉందని అనలేం. ఎక్కువ కాలం దొరికినంత మాత్రాన బిడ్డకు లోపం ఖాయమనీ అనలేం. గర్భంలో జికా సోకిన తల్లులకు పుట్టిన బిడ్డల్లో 5 నుంచి 15 శాతం మందికి దాని వల్ల సమస్యలు వస్తాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అంటే ఎక్కువమంది బిడ్డలు ఆరోగ్యంగా పుడతారు. మల్లవ్వ విత్తనం మొలిచింది అందుకే. అయితే ఏ తల్లి ఆ 5 నుంచి 15 శాతంలో ఉందో ముందుగా చెప్పలేం కాబట్టి ప్రతి తల్లినీ చివరిదాకా చూడాలి. పుట్టాక కూడా బిడ్డ చూపు, వినికిడి, ఎదుగుదల గమనించాలి. పుట్టినప్పుడు తల మామూలుగానే ఉన్న కొందరు పిల్లల్లో తర్వాత ఇబ్బందులు బయటపడ్డాయి.

ఇది మనకు దూరపు ముచ్చట కాదు. 2017 మేలో అహ్మదాబాద్‌లో మూడు కేసులు బయటికొచ్చాయి. వాటిలో ఒకరు నిండు గర్భిణి, ఇంకొకరు బాలింత. 2018లో రాజస్థాన్‌లో 159 మందికి సోకింది. 2021లో కేరళలో మొదట బయటపడిన రోగి తిరువనంతపురం జిల్లాకు చెందిన గర్భిణి. అదే ఏడాది కాన్పూరులో, 2024లో పుణెలో వ్యాపించింది. 2022 డిసెంబరులో రాయచూరు జిల్లాలో అయిదేళ్ల పాపకు వచ్చింది. రాయచూరుకు ఒక పక్క తెలంగాణ, ఒక పక్క ఆంధ్రప్రదేశ్. పుణె కేసుల తర్వాత 2024 జులై 3న కేంద్ర ఆరోగ్యశాఖ రాష్ట్రాలన్నిటికీ సూచనలు పంపింది. వైరస్ ఉన్న ప్రాంతాల్లో గర్భిణులకు పరీక్షలు చేయాలని, సోకిన తల్లుల కడుపులో బిడ్డ ఎదుగుదలను గమనిస్తూ ఉండాలని అందులో చెప్పింది. కాగితం మీద మన లెక్క సరిగ్గానే ఉంది. అది పీహెచ్‌సీ గడప దాకా, ఆశా కార్యకర్త సంచీ దాకా చేరాలి.

మన ఇళ్లలో కడుపుతో ఉన్న కోడలో కూతురో ఒంట్లో బాగాలేదంటే వినే మాటలు నాకు తెలుసు. ఈ రోజుల్లో అలాగే ఉంటుందమ్మా, మేమందరం కనలేదా, ఊరికే బెంగ పెట్టుకోకు. ప్రేమతోనే అంటారు. రాజయ్య కూడా ప్రేమగానే మాట్లాడాడు. వైద్య పరిశోధనలోనూ గర్భిణులను చాలాకాలం పక్కన ఉంచారు, అదీ వాళ్ల మేలు కోరే. ఆ మేలు కోరడంలోంచే వాళ్ల గురించి తక్కువ తెలిసే పరిస్థితి వచ్చింది. తెలియనప్పుడు ఇతరుల లెక్కే వాళ్లకూ వేశాం. ఇందులో నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇదే.

జికాకు టీకా రాలేదు, ప్రత్యేకమైన మందూ లేదు. చేయగలిగింది దోమను ఆపడం, వదలకుండా చూడడం. ఏడిస్ దోమ పగలు కుడుతుంది కాబట్టి గర్భిణి పగటి నిద్రకూ దోమతెర కట్టాలి. అది మురుగులో కాదు, మనం దాచుకున్న మంచినీళ్లలో పుడుతుంది. డ్రమ్ములకు మూత పెట్టాలి, కూలరు నీళ్లు వారానికోసారి పారబోయాలి, పెరట్లో పాత టైరూ కొబ్బరిచిప్పా ఉంచకూడదు. జికా లైంగికంగా కూడా వస్తుంది, మగవారి వీర్యంలో చాలా వారాలు నిలుస్తుంది. కాబట్టి వైరస్ ఉన్న ఊరి నుంచి భర్త వస్తే, కాన్పు అయ్యేదాకా కండోమ్ వాడడమో దూరంగా ఉండడమో చేయాలి. ఈ మాట చెప్పడానికి సిగ్గుపడే ఆరోగ్య కార్యకర్త ఒక తల్లికి అన్యాయం చేసినట్టే.

చివరగా గర్భిణులకూ, వాళ్లింటివాళ్లకూ ఒక విన్నపం. కడుపుతో ఉండగా జ్వరమో దద్దో కళ్లు ఎర్రబడడమో కనిపిస్తే, అది రెండు రోజుల్లో తగ్గిపోయినా సరే, వచ్చిన తేదీని మీ ఎంసీపీ కార్డు (తల్లీబిడ్డల రక్షణ కార్డు) మీద రాయించండి. డెంగీ కాదని తేలేదాకా ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు సొంతంగా వేసుకోకండి. జికా ఉన్న ప్రాంతమైతే రక్తంతో పాటు మూత్రం కూడా పరీక్షకు పంపమని అడగండి, ఎందుకంటే మూత్రంలో వైరస్ తరచుగా ఎక్కువ రోజులు దొరుకుతుంది. పరీక్షలో జికా అని తేలితే, ఒక స్కానింగు బాగుందని ఊరుకోకుండా తర్వాతి స్కానింగు ఎప్పుడో డాక్టరు చేత తేదీతో సహా రాయించుకుని, ఆ తేదీకి తప్పకుండా వెళ్లండి.